రక్తంలో ఉంది సరే, మెదడులోకి వెళ్లిందా?

క్లుప్తంగా: ఒక పోషకం మెదడుకు ఎంత అందుతుందనేది రక్తంలో అది ఎంత ఉందన్న దాన్ని బట్టి మాత్రమే తేలదు. దాన్ని లోపలికి చేరవేసే ప్రోటీన్లు ఎన్ని ఉన్నాయి, అదే దారి కోసం ఇంకేవి పోటీ పడుతున్నాయి, లోపలికి వెళ్లినదాంట్లో ఎంత తిరిగి బయటికి వచ్చేస్తోంది అన్నవి కూడా చూడాలి. వీటన్నిటినీ కలిపి కట్టే లెక్కలనే మోడల్స్ అంటున్నారు. అవి ఎలా పనిచేస్తాయి, ఎక్కడ తడబడతాయి అన్నదే ఈ వ్యాసం.

"ఇది తింటే మెదడుకు మంచిది, అది తాగితే జ్ఞాపకశక్తి పెరుగుతుంది" లాంటి మాటలు రోజూ కనపడుతూనే ఉంటాయి. వాటన్నిటి వెనక ఒకటే లాజిక్: కడుపులోకి వెళ్లింది రక్తంలో కలుస్తుంది, రక్తం మెదడుకు వెళ్తుంది, కాబట్టి అది మెదడుకు చేరినట్టే. మొదటి రెండూ చాలావరకు నిజమే. తేడా వచ్చేది మూడోదాని దగ్గరే. ఉదాహరణకు నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్నే తీసుకుంటే, శరీరంలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పేగుల్లోనే తయారవుతుంది, కానీ అక్కడిది మెదడుకు పనికిరాదు. మెదడు తనకు కావాల్సింది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి సొంతంగా చేసుకోవాల్సిందే. రక్తంలో వస్తువు రెడీగా ఉన్నా, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడ (బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్) దాటి లోపలికి వెళ్లే దారి లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత సరిగ్గా ఇలాంటి వ్యవహారం కోసమే పుట్టినట్టుంటుంది.

గోడ ఉందని ఎలా తెలిసింది

1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూస్తే అవయవాలన్నీ రంగెక్కాయి, మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మెదడు కణజాలానికి ఆ రంగు అంటదేమో అని ఆయన అనుకున్నాడు, అంటే గోడ అనే ఆలోచనే రాలేదు. తర్వాత ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో ప్రయోగాన్ని తిరగేశాడు. రంగును రక్తంలోకి కాకుండా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తే మెదడు చక్కగా రంగెక్కింది, మిగతా శరీరం ఎక్కలేదు. రంగు అంటకపోవడం సమస్య కాదని, మధ్యలో ఏదో అడ్డుందని దాంతో అర్థమైంది.

ఆ అడ్డు ఎక్కడుందో కంటికి కనపడటానికి మాత్రం 1967 దాకా ఆగాల్సి వచ్చింది. రీస్, కర్నోవ్‌స్కీ అనే పరిశోధకులు ఎలుక మెదడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. కేశనాళికల, అంటే అతి సన్నటి రక్తనాళాల లోపలి గోడలో పలకల్లా పరుచుకుని ఉండే కణాలు ఒకదానికొకటి సందు లేకుండా కుట్టేసినట్టు అతుక్కుని ఉన్నాయి. మిగతా శరీరంలోని చాలా కేశనాళికల్లో కణాల మధ్య సందుల్లోంచి చిన్న అణువులు జారిపోగలవు, మెదడులో ఆ అవకాశం దాదాపు లేదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, కొవ్వులో కరిగే కొన్ని చిన్న అణువులు పొరలోంచే దాటేస్తాయి. మిగతావాటికి, అంటే గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, చాలా విటమిన్ల వంటి వాటికి, ఆ గోడలోనే అమర్చి ఉన్న రవాణా ప్రోటీన్లే గతి. ఇక్కడి నుంచి వాటిని తలుపులు అనుకుందాం.

గోడ అనగానే లావుగా ఊహించుకుంటాం గానీ దీని మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) మూడో వంతు కూడా ఉండదు. వైశాల్యం మాత్రం ఒక మనిషి మెదడులో 12 నుంచి 20 చదరపు మీటర్ల దాకా ఉంటుందని అంచనా. దాదాపు ఒక గది నేలంత పొర, అదీ కేశనాళికలుగా చుట్టుకుని, వందల కిలోమీటర్ల పొడవున.

లెక్క దేనికి, కొలిస్తే సరిపోదా

సరిపోదు. బతికున్న మనిషి మెదడులోంచి చెంచాడు ముక్క తీసి ఎంత గ్లూకోజ్ ఉందో చూడటం కుదరదు కదా. కుదిరేవి కొన్నే: మెదడులోకి వెళ్లే రక్తాన్ని, బయటికి వచ్చే రక్తాన్ని పోల్చడం, స్కాన్లలో కొన్ని రసాయనాల సంకేతాలు చూడటం, వెన్నునీరు, అంటే మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం తీసి పరీక్షించడం. ఈ అరకొర కొలతల నుంచి లోపల జరిగేదాన్ని ఊహించి చెప్పాలంటే మధ్యలో ఒక మోడల్ ఉండి తీరాలి.

ముందు జమాఖర్చు చూద్దాం. శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానిదే. ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. రక్తంలో షుగర్ 90 ఉంటే, అంటే డెసీలీటరుకు 90 మిల్లీగ్రాములు ఉంటే, ఆ 50 మిల్లీలీటర్లలో 45 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వచ్చినట్టు. మెదడు అందులోంచి ఖర్చు పెట్టేది 5 నుంచి 6 మిల్లీగ్రాములు. మొత్తం మెదడుకు, రోజంతటికీ లెక్క కడితే 110 గ్రాముల చుట్టుపక్కల తేలుతుంది. అంటే వచ్చిన గ్లూకోజ్‌లో పదో వంతుకు కాస్త అటూ ఇటుగా వాడుకుని మిగతాది వెనక్కి పంపేస్తోంది. అదే ఆక్సిజన్ అయితే వచ్చినదాంట్లో మూడో వంతుకు పైగా లాగేసుకుంటుంది.

పదో వంతే వాడుకుంటోందంటే సరుకు పుష్కలంగా ఉన్నట్టే కదా అనిపిస్తుంది. అలా అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

రక్తప్రవాహం పెంచితే అన్నీ పెరుగుతాయా

1960ల మొదట్లో కోపెన్‌హేగన్‌లో క్రిస్టియన్ క్రోన్ ఒక పద్ధతి కనిపెట్టాడు. రక్తనాళంలోకి రెండు పదార్థాలు ఒకేసారి ఎక్కిస్తారు. ఒకటి గోడ దాటనిది, రెండోది పరీక్షిస్తున్నది. అవతలి వైపు వచ్చే రక్తంలో మొదటిదాంతో పోలిస్తే రెండోది ఎంత తగ్గిందో చూస్తే, ఆ ఒక్క చుట్టులో ఎంత లోపలికి వెళ్లిందో తెలిసిపోతుంది. దీని వెనకున్న సూత్రం రెన్‌కిన్, క్రోన్‌ల పేరు మీద ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో ముఖ్యమైనవి రెండే సంఖ్యలు: గోడ ఎంత సులువుగా దాటనిస్తుంది, రక్తం ఎంత వేగంగా పోతోంది.

గోడ సామర్థ్యం రక్తప్రవాహంలో పదో వంతు ఉన్న పదార్థాన్ని తీసుకుందాం. సూత్రం ప్రకారం ఒక చుట్టులో 9.5 శాతం లోపలికి వెళ్తుంది. ఇప్పుడు రక్తప్రవాహాన్ని రెట్టింపు చేస్తే వెళ్లే శాతం 4.9కి పడిపోతుంది. రెట్టింపు రక్తంలో సగం శాతం, అంటే నిమిషానికి లోపలికి వెళ్లేది దాదాపు అంతే, పెరిగింది 3 శాతం కూడా లేదు. అదే గోడ సామర్థ్యం ప్రవాహానికి 5 రెట్లున్న పదార్థమైతే, మొదట 99 శాతం దాటేది, ప్రవాహం రెట్టింపైనా 92 శాతం దాటుతుంది, అంటే అందేది దాదాపు రెట్టింపవుతుంది.

మొదటి రకానికి గోడే అడ్డు, రెండో రకానికి ప్రవాహమే అడ్డు. గ్లూకోజ్ మొదటి వైపుకే దగ్గర. "మెదడుకు రక్తప్రసరణ పెంచి పోషకాలు అందిస్తుంది" అని ఏ ఉత్పత్తి మీదైనా కనపడితే అడగాల్సిన ప్రశ్న ఇదే: ఏ పోషకం? రక్తం ఎక్కువ పారినంత మాత్రాన తలుపులు పెరగవు.

గోడ దాటాక ఇంకెంత దూరం అన్నది దీనికంటే పాత ప్రశ్న. ఆగస్ట్ క్రోగ్ 1919లోనే ప్రతి కేశనాళిక చుట్టూ ఒక గొట్టంలాంటి ప్రాంతాన్ని ఊహించి ఆక్సిజన్ ఎంత దూరం వెళ్లగలదో లెక్క కట్టాడు. ఆ గణితం చేసిపెట్టింది ఎర్లాంగ్, టెలిఫోన్ లైన్ల రద్దీని అంచనా వేసే సూత్రాలు ఇచ్చిన మనిషే. మెదడులో పక్కపక్క కేశనాళికల మధ్య దూరం 40 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఏ కణమైనా సుమారు 20 మైక్రాన్ల లోపే ఉంటుంది. ఆ దూరం గ్లూకోజ్ వ్యాపించడానికి ఒక సెకను చాలు. అదే ఒక మిల్లీమీటర్ పోవాలంటే అరగంట పడుతుంది, ఎందుకంటే దూరం 50 రెట్లయితే సమయం 2500 రెట్లవుతుంది. కాబట్టి గోడ అవతల దారి సమస్య కాదు, ఇరుకంతా గోడ దగ్గరే.

గ్లూకోజ్ తలుపు: పాత లెక్క, కొత్త లెక్క

గ్లూకోజ్‌ను చేరవేసే ప్రోటీన్ పేరు గ్లట్1. ఇది ఇన్సులిన్ చెబితే తెరుచుకునే రకం కాదు, ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. దీనికి శక్తి ఖర్చు కూడా లేదు, ఎటు ఎక్కువ ఉంటే అటు నుంచి తక్కువ వైపుకి మోస్తుంది. తలుపుల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి ఒక స్థాయి దాటాక రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరిగినా రవాణా అదే జోరులో పెరగదు. 1913లో మైకేలిస్, మాడ్ మెంటెన్ ఎంజైముల కోసం రాసిన సమీకరణాన్నే ఇక్కడా వాడతారు.

చాలాకాలం వాడిన మోడల్‌లో లోపలికి వెళ్లే ప్రయాణం, బయటికి వచ్చే ప్రయాణం రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ఒడ్డు నుంచి ఒక పడవ, అవతలి ఒడ్డు నుంచి వేరే పడవ అన్నట్టు. ఈ లెక్కలో రక్తంలో షుగర్ పెరిగేకొద్దీ మెదడులో గ్లూకోజ్ కొంతవరకు పెరిగి, ఆ తర్వాత ఒక మట్టం దగ్గర ఆగిపోవాలి. కానీ 1990లలో మనుషుల మీద మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ వాడి, అంటే ఎమ్మారై తరహా మెషీన్‌తోనే బొమ్మకు బదులు రసాయనాల సంకేతాలు చదివి కొలిస్తే మట్టం కనపడలేదు. రక్తంలో పెంచేకొద్దీ మెదడులోనూ గీత గీసినట్టు సూటిగా పెరుగుతూ పోయింది. గ్రూటర్ బృందం 1998లో దీనికి మరో మోడల్ సరిపోతుందని చూపింది. పడవలు రెండు కావు, ఒకటే. అవతలి ఒడ్డున సరుకు పేరుకుంటే అదే పడవ ఆ బరువుతో వెనక్కి రావాల్సి వస్తుంది, ఆ మేరకు కొత్త సరుకు ఎక్కించుకోవడం తగ్గుతుంది. దీన్నే రివర్సిబుల్ మోడల్ అంటారు.

ఆ కొలతల నుంచి వచ్చిన విలువలు సుమారుగా ఇవి: తలుపుల గరిష్ఠ సామర్థ్యం మెదడు ఖర్చుకు 2.3 రెట్లు, సగం తలుపులు నిండే గాఢత 0.6 మిల్లీమోలార్ (గాఢతను కొలిచే ఒక యూనిట్). వీటిని సమీకరణంలో వేస్తే చివరికి చాలా చిన్న లెక్క మిగులుతుంది: రక్తంలోని గ్లూకోజ్‌ను 1.3తో గుణించి, 0.6 తీసేసి, 3.3తో భాగిస్తే మెదడులో మిగిలి ఉండే గ్లూకోజ్ వస్తుంది. షుగర్ 90 అంటే 5 మిల్లీమోలార్, మెదడులో 1.8 దాకా వస్తుంది. షుగర్ 180 అయితే 3.8. షుగర్ 54కి పడితే 1.0. ఈ పరిధిలో మెదడులో రక్తంలో ఉన్నదాంట్లో మూడో వంతు, లేదా అంతకంటే కాస్త ఎక్కువ ఉంటుందన్నమాట.

ఇందులో అసలు విషయం 2.3 అన్న ఆ సంఖ్యలో ఉంది. తలుపుల సామర్థ్యం ఖర్చు కంటే రెండింతలకు కాస్త ఎక్కువే తప్ప పది రెట్లేమీ కాదు.

సగం తలుపులు పోతే

ఏదో కారణం చేత గ్లట్1 తలుపులు సగమే ఉన్నాయనుకుందాం. గ్లూకోజ్ కూడా సగమే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. సామర్థ్యం 2.3 నుంచి 1.15కి తగ్గించి అదే లెక్క మళ్లీ కడితే, షుగర్ 90 ఉన్నా సరే మెదడులో మిగిలేది 0.07 మిల్లీమోలార్. సగం కాదు, ఇరవయ్యో వంతు కంటే తక్కువ. దాదాపు అడుగంటిపోయినట్టే.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 1991లో డివివో బృందం ఇద్దరు పిల్లల కేసులు బయటపెట్టింది. ఫిట్స్ వస్తున్నాయి, ఎదుగుదల మందగించింది, రక్తంలో షుగర్ మాత్రం మామూలుగానే ఉంది. వెన్నునీటిలో చూస్తే గ్లూకోజ్ బాగా తక్కువ. మామూలుగా వెన్నునీటిలో రక్తంలో ఉన్నదాంట్లో 60 శాతం దాకా ఉంటుంది, ఈ జబ్బులో అది తరచుగా 40 శాతం కంటే దిగువనే ఉంటుంది. ఇప్పుడు దీన్ని గ్లట్1 లోపం అంటున్నారు. ఎక్కువమంది రోగుల్లో రెండు జన్యు ప్రతుల్లో ఒకటే చెడిపోయి ఉంటుంది, అంటే తలుపులు సుమారుగా సగం. రెండిట్లో ఒకటి బాగున్నా చాలని సరిపెట్టుకోవడానికి ఇక్కడ కుదరదు, ఎందుకంటే మార్జిన్ అంత తక్కువ. అసలు రోగుల్లో మెదడు ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి 0.07 అన్న అంకెను యథాతథంగా తీసుకోకూడదు, దిశ మాత్రం సరిగ్గా ఉంది.

చికిత్స కూడా తలుపుల లెక్కలోంచే వచ్చింది. గ్లూకోజ్ దారి ఇరుకైతే వేరే దారిలో వేరే ఇంధనం పంపాలి. కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారంతో లివర్ కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనం తయారుచేస్తుంది, అవి ఎంసీటీ1 అనే మరో తలుపు గుండా లోపలికి వెళ్తాయి. మెదడు నిజంగా వాటి మీద బతకగలదా అన్న అనుమానం 1967లోనే తీరిపోయింది. జార్జ్ కాహిల్ బృందం, వారాల తరబడి ఉపవాసంలో ఉంచిన ఊబకాయుల మీద కొలిస్తే, మెదడు ఇంధనంలో సగానికి పైగా కీటోన్లే ఉన్నాయి. గ్లూకోజ్‌తో పోలిస్తే కీటోన్ల విషయంలో రక్తంలోని స్థాయి మాట ఎక్కువ చెల్లుతుంది: రక్తంలో పెరిగినకొద్దీ మెదడు వాడకం కూడా పెరుగుతుంది.

ఒకటే తలుపు, బోలెడు మంది

అమైనో ఆమ్లాల కథ వేరు. ట్రిప్టోఫాన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్, లూసిన్ లాంటి పెద్దసైజు అమైనో ఆమ్లాలన్నీ లాట్1 అనే ఒకటే రకం తలుపు మీద ఆధారపడతాయి. పైగా మామూలు రోజుల్లోనే ఆ తలుపులు దాదాపు నిండుగా కిటకిటలాడుతుంటాయి. కాబట్టి ఇక్కడ మోడల్ అడిగేది "ట్రిప్టోఫాన్ ఎంత ఉంది" అని కాదు, "మిగతావాటితో పోలిస్తే ఎంత ఉంది" అని.

దీనివల్ల తిరకాసు ఫలితాలు వస్తాయి. ప్రోటీన్ ఎక్కువున్న భోజనం చేస్తే రక్తంలో ట్రిప్టోఫాన్ పెరుగుతుంది, కానీ పోటీదారులు అంతకంటే ఎక్కువ పెరుగుతారు, కాబట్టి మెదడుకు దాని వాటా పెరగదు. పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ పెరిగి పోటీదారులను కండరాల్లోకి తోలేస్తుంది, దాంతో ట్రిప్టోఫాన్‌కి దారి దొరుకుతుంది. 1970ల మొదట్లో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ ఎలుకల్లో చూపించింది ఇదే. రోజూ తినే మామూలు భోజనంలో అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి ఈ ప్రభావాన్ని అతిగా ఊహించుకోనక్కర్లేదు.

అతిగా జరిగే చోటు ఫినైల్‌కీటోన్యూరియా. ఈ పుట్టుకతో వచ్చే లోపంలో ఫినైల్‌అలనిన్ విరగక రక్తంలో పేరుకుపోతుంది. మామూలుగా డెసీలీటరుకు 1 మిల్లీగ్రాము చుట్టుపక్కల ఉండేది, తీవ్రమైన కేసుల్లో చికిత్స లేకపోతే 20 దాటుతుంది. అది తలుపులన్నీ ఆక్రమించేస్తే మిగతా అమైనో ఆమ్లాలు బయటే నిలబడిపోతాయి. పార్కిన్సన్స్ మందు లెవోడోపాదీ ఇదే క్యూ. ఆ జబ్బులో మెదడుకు కొరవడే డోపమిన్ అనే రసాయనం గోడ దాటలేదు కాబట్టే దాని ముందు రూపమైన లెవోడోపాను ఇస్తారు, అది లాట్1 గుండా వెళ్తుంది. ప్రోటీన్ బాగా ఉన్న భోజనం తర్వాత కొందరిలో మందు సరిగ్గా పట్టకపోవడానికి ఒక కారణం గోడ దగ్గర ఈ తోపులాటే, పేగుల దగ్గరా ఇలాంటి పోటీయే ఉంటుంది.

మిగతావాటి దారులు ఇంకా చిత్రంగా ఉంటాయి. డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఒక ప్రత్యేక రూపంలో లోపలికి వెళ్లడానికి ఎంఎఫ్ఎస్‌డీ2ఎ అనే ప్రోటీన్ ఉందని 2014లో తెలిసింది. ఇనుము ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ మీద ఎక్కి, దాన్ని అందుకునే రిసెప్టర్ ద్వారా గోడ కణంలోకి దిగుతుంది. విటమిన్ సి ఎక్కువగా కేశనాళికల గోడ దగ్గర కాకుండా, మెదడు ద్రవాన్ని తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్ దగ్గర లోపలికి వెళ్తుంది, అందుకే ఆ ద్రవంలో రక్తంలో కంటే ఎక్కువే ఉంటుంది. ఒక్కో పోషకానికి ఒక్కో లెక్క, అన్నిటికీ కలిపి ఒక సూత్రం లేదు.

మోడల్స్ కొట్టుకునే చోటు

గోడ దాటిన గ్లూకోజ్‌ను ముందు ఎవరు తీసుకుంటారు? న్యూరాన్లా (నాడీకణాలు), వాటి పక్కనే ఉండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలా? 1994లో పెల్లెరాన్, మాజిస్ట్రెట్టి ఒక ప్రతిపాదన చేశారు. న్యూరాన్లు చురుగ్గా పనిచేసినప్పుడు ఆస్ట్రోసైట్లు గ్లూకోజ్ తీసుకుని, దాన్ని లాక్టేట్ అనే చిన్న అణువుగా మార్చి న్యూరాన్లకు అందిస్తాయన్నది దాని సారం. తలుపుల సంఖ్యలు, వాటి వేగాలు వేసి కట్టిన కొన్ని మోడల్స్ మాత్రం న్యూరాన్లే నేరుగా ఎక్కువ గ్లూకోజ్ తీసుకుంటాయని, లాక్టేట్ న్యూరాన్ల నుంచి ఆస్ట్రోసైట్లకు పోవడానికే అవకాశం ఉందని తేల్చాయి. గొడవ ఇంకా పూర్తిగా తెగలేదు.

తెగకపోవడానికి కారణం గణితం కాదు, అందులో వేసే ఊహలు. కేశనాళికను ఆస్ట్రోసైట్ల పాదాలు చుట్టేసి ఉంటాయి. అవి దాదాపు పూర్తిగా కప్పేస్తాయనుకుంటే గ్లూకోజ్ ముందు వాటి చేతికే వెళ్లాలి, ఖాళీలున్నాయనుకుంటే నేరుగా బయటి ద్రవంలోకి జారుతుంది. రసాయనాలతో గట్టిపరిచిన ఎలుక మెదడులో చూస్తే కప్పింది 90 శాతం పైనే కనపడేది. 2015లో అదే ఎలుక మెదడును రసాయనాలు లేకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి చూస్తే సుమారు 63 శాతమే. తయారీ పద్ధతే కణాలను ఉబ్బించి ఖాళీలను మూసేసిందన్నమాట. ఆ ఒక్క అంకె మారితే మోడల్ చెప్పే జవాబు కూడా మారే అవకాశం ఉంది.

సగటు దాచేది

పైన కట్టిన లెక్కకే తిరిగి వస్తే అందులో ఒక చిక్కు ఉంది. షుగర్ 54కి పడినా మెదడులో సగటున 1 మిల్లీమోలార్ మిగులుతుందని మోడల్ చెబుతోంది. గ్లూకోజ్ వాడకాన్ని మొదలుపెట్టే ఎంజైముకు అందులో పదో వంతు ఉన్నా పని నడుస్తుంది. కానీ ఆరోగ్యవంతుల్లో సరిగ్గా ఆ స్థాయి దగ్గరే వణుకు, చెమటలు లాంటి లో షుగర్ లక్షణాలు బయటపడతాయి, 50కి దిగేసరికి ఆలోచన మందగిస్తుంది. వణుకు, చెమటలు ముందస్తు హెచ్చరికలు అనుకోవచ్చు, శరీరం ప్రమాదం రాకముందే గంట కొడుతుంది. ఆలోచన మందగించడాన్ని మాత్రం అలా సరిపెట్టలేం. మోడల్ ఇచ్చేది మొత్తం మెదడు సగటు. పని ఎక్కువున్న చోట, రక్తం తక్కువ పారే చోట, కేశనాళిక చివరి కొసలో ఉన్న కణం దగ్గర ఎంత ఉందో ఆ సగటు చెప్పదు. అందుకే ఇప్పుడు మైక్రోస్కోప్ బొమ్మల నుంచి కేశనాళికల అసలు వలను తీసుకుని, ఒక్కో కొమ్మలో విడివిడిగా లెక్క కట్టే మోడల్స్ వైపు పని జరుగుతోంది.

తలుపుల సంఖ్యను ఈ లెక్కలన్నీ స్థిరమనే అనుకుంటాయి. రోజుల తరబడి షుగర్ తక్కువగా ఉంచిన ఎలుకల్లో మాత్రం గోడలో గ్లట్1 పెరిగినట్టు కనపడింది. మాటిమాటికీ లో షుగర్ వచ్చే డయాబెటిస్ రోగుల్లో కొందరికి ముందస్తు లక్షణాలే తెలియకుండా పోతాయి. దీనికి మెదడులోని తలుపులు పెరగడం కారణమా, హార్మోన్ల స్పందన మొద్దుబారడం కారణమా అన్నదాని మీద మనుషుల్లో చేసిన స్కాన్ల ఫలితాలు ఒక మాట మీద లేవు. 2.3 అన్న అంకె ఆరోగ్యవంతుల నుంచి తీసింది, అలాంటి రోగికి అది 2.3యేనా అన్నది మళ్లీ కొలిస్తే గానీ తేలదు.